ఎచ్చెర్ల దాకా వెళ్లకుండానే

కంచిలి మండలం జలంత్రకోట నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్న ఎచ్చెర్లకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు దాటుతుంది. పలాస, టెక్కలి, సోంపేట వైపు డిగ్రీ చదివే పిల్లలు చాలామంది మూడేళ్లూ ఆ యూనివర్సిటీ గేటు చూడకుండానే దాని పేరు మీద పట్టా పుచ్చుకోగలరు. వాళ్లకు యూనివర్సిటీ అంటే పరీక్ష ఫీజు నోటిఫికేషన్, హాల్ టికెట్, రిజల్ట్స్, రీవాల్యుయేషన్ గడువు, చివర్లో ఓడీ అని అందరూ పిలిచే ఒరిజినల్ డిగ్రీ. ఇవన్నీ ఇప్పుడు తెర మీదే మొదలవుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ సీట్లను 2020 నుంచి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లో కేటాయిస్తోంది. పీజీకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష 2021లో వచ్చింది. తెలంగాణలో డిగ్రీ సీట్లకు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి 2016 నుంచే నడుస్తోంది. అంచేత యూనివర్సిటీ వెబ్‌సైట్‌ను ప్రచార పత్రంగా చూసే కాలం పోయింది. అదే ఇప్పుడు కౌంటరు. ఆ కౌంటరుకు రంగు, అక్షరం, ముద్ర, పేరు, చిరునామా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలను ఎవరి వైపు నుంచి రాయాలి? అందరికంటే దూరాన ఉన్న విద్యార్థి వైపు నుంచి రాయాలన్నదే ఈ అధ్యాయం వాదన. పరిపాలనా భవనంలో పెద్ద మానిటర్ మీద బాగుందనిపించిన పేజీ జలంత్రకోట బస్టాపులో చిన్న ఫోను మీద పనికిరాకపోతే, ఆ పేజీ బాగాలేనట్టే.

ఈ వాదన కొత్తదేమీ కాదు. ఆ యూనివర్సిటీ పుట్టిందే దూరం తగ్గించడానికి. పీజీ చదవాలంటే విశాఖపట్నమే దిక్కుగా ఉన్న రోజుల్లో, 1977లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో పీజీ కేంద్రం తెరిచింది. 2008 జూన్ 25న అదే స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. జిల్లా ఉత్తరపు కొసకు మాత్రం ఆ దూరం పూర్తిగా తగ్గలేదు. జలంత్రకోట వాళ్లకు రాష్ట్రం దాటి ఉన్న బరంపురమే ఎచ్చెర్ల కంటే దగ్గర. మిగిలిపోయిన ఈ దూరాన్ని భవనాలు కట్టి తగ్గించలేం. ఒక సంతకం కోసమో, గడువు తేదీ కనుక్కోవడానికో ఒక రోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీ పోగొట్టుకునే అవసరాన్ని వెబ్‌సైట్ తప్పించగలదు. తప్పించిందా లేదా అన్నదే దానికి మొదటి పరీక్ష.

ఇక పేరు సంగతి. బ్రాండింగ్ అనగానే లోగో గుర్తొస్తుంది గానీ, శ్రీకాకుళం విషయంలో చిక్కంతా పేరులోనే ఉంది. అంబేద్కర్ పేరుతో దేశంలో విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. ఢిల్లీలో ఒకటి, లక్నోలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకటి, 1927లో మొదలైన ఆగ్రా విశ్వవిద్యాలయం కూడా ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది. మనకు బాగా దగ్గరగా తగిలేది హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో ఈ పేరు తెచ్చుకుంది. శ్రీకాకుళానిది బీఆర్ఏయూ, హైదరాబాద్‌ది బీఆర్ఏఓయూ. నడుమ ఒక్క ‘ఓ’ అక్షరమే తేడా. ‘అంబేద్కర్ యూనివర్సిటీ డిగ్రీ రిజల్ట్స్’ అని వెతికిన పిల్లకు ఏది ముందు వస్తుందో చెప్పలేం. ఒకే ఇంట్లో అక్క సార్వత్రికంలో చదివి, చెల్లెలు పలాస కాలేజీలో చదువుతుంటే గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ బ్రాండింగ్ ప్రమాణం చేయాల్సిన పని చాలా సాదాది. ప్రతి పేజీ తలకట్టులో, ప్రతి నోటిఫికేషన్‌లో, ప్రతి పీడీఎఫ్ ఫైలు పేరులో, బ్రౌజర్ ట్యాబ్ మీద కూడా ‘శ్రీకాకుళం’ అన్న మాట ఉండాలి. పొట్టిపేరు వాడితే పక్కన ఊరి పేరు తప్పనిసరి. తెలుగులో ‘అంబేద్కర్’ అని ఒకచోట, ‘అంబేడ్కర్’ అని మరోచోట రాస్తే వెతుకులాటలో సగం దొరకదు. కాబట్టి అక్షరక్రమం కూడా ఒకటే ఉండాలి. డిజైనర్‌కు ఇదంతా చిన్న పనిలా అనిపించవచ్చు. నా లెక్కలో మాత్రం లోగో కంటే ఇదే ముందు.

లోగో అక్కర్లేదని కాదు. ఆర్టీసీ బస్సుకు బోర్డు ఎందుకో యూనివర్సిటీకి ముద్ర అందుకే. ఎక్కేవాడు దూరం నుంచే పోల్చుకోవాలి, పోల్చుకున్నాక బస్సు మారిపోకూడదు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ ఎరుక పాతదే. కట్టమంచి రామలింగారెడ్డి ఉపకులపతిగా ఉన్నప్పుడు కౌతా రామమోహనశాస్త్రి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ముద్ర గీశారు. అందులో ఉదయించే సూర్యుడు విశ్వవిద్యాలయానికి, పద్మం లక్ష్మీ సరస్వతులిద్దరి ఆసనానికి, సర్పాలు విజ్ఞానాన్ని కోరేవారికీ కాపాడేవారికీ గుర్తులు. ఒక్కో గీతకు ఒక అర్థం ఉంది కాబట్టే దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు సాగదీయకూడదు. కాగితం మీద పెద్దగా అచ్చువేయడానికి గీసిన ముద్రను ఫోనులో గోరంత చోటుకు కుదిస్తే సన్నగీతలన్నీ కలిసిపోయి మచ్చలా మిగులుతుంది. అందుకే ప్రమాణాల పుస్తకంలో చిన్న కొలతలకు గీతలు తగ్గించిన రూపం ఒకటి, ఏ కొలత కంటే చిన్నదిగా వాడకూడదో చెప్పే మాట ఒకటి, చుట్టూ వదలాల్సిన ఖాళీ ఒకటి ఉంటాయి. ఇవి అలంకారానికి రాసుకున్న నియమాలు కావు, కన్ను పోల్చుకోగలిగిన హద్దులు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి బ్రాండ్ ఏమిటి, సబ్బులమ్ముకునే కంపెనీ కాదుగా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొత్త గుర్తు ఒకటి తెస్తే, అది కంపెనీ లోగోలా ఉందని యాభై వేలమందికి పైగా విన్నపం మీద సంతకాలు పెట్టారు. ఆ డిసెంబరులోనే దాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. అయితే ఆ సంఘటన చెప్పేదేమిటి? జనం గుర్తును పట్టించుకోరన్న మాట అబద్ధమని చెబుతోంది. పాత ముద్రను వాళ్లు తమదిగా భావించారు. మన చట్టం కూడా పేరుకు ఉన్న విలువను ఎప్పుడో గుర్తించింది. 1956 నాటి యూజీసీ చట్టంలోని 23వ సెక్షన్, చట్టబద్ధంగా ఏర్పడని సంస్థ ‘యూనివర్సిటీ’ అన్న మాటనే పేరులో పెట్టుకోకూడదంటుంది. అయినా యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ప్రకటించాల్సిన పరిస్థితి పోలేదు. నకిలీని పట్టుకోవాలంటే అసలు ఎలా ఉంటుందో అందరికీ తెలిసి ఉండాలి. వెబ్‌లో దానికి ఒక బలమైన ఆనవాలు ఉంది. ‘ఏసీ డాట్ ఇన్’, ‘ఈడీయూ డాట్ ఇన్’ అని ముగిసే చిరునామాలను ఎర్నెట్ ఇండియా విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తుంది, పత్రాలు చూసి ఇస్తుంది. ఫీజు కట్టించుకునే పేజీ ఇంకేదో ప్రైవేటు చిరునామాలో తెరుచుకుంటే, అది నిజమైనదే అయినా, విద్యార్థికి మోసాన్ని పోల్చుకోవడం రాకుండా చేస్తోందన్నమాట. ‘మా చిరునామా ఎప్పుడూ ఇలాగే ముగుస్తుంది’ అని యూనివర్సిటీ గట్టిగా చెప్పగలగాలి, చెప్పిన మాట మీద నిలబడాలి.

నమ్మకం ఎలా ఏర్పడుతుందో పరిశోధకులు కొలిచి చూశారు. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో గిటె లిండ్‌గార్డ్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పేజీ ఆకర్షణ గురించి మనుషులు సెకనులో ఇరవయ్యో వంతులో, అంటే 50 మిల్లీసెకన్లలో, అభిప్రాయానికి వచ్చేస్తున్నారని తేలింది. దానికి ముందు స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బి.జె. ఫాగ్ బృందం 2,684 మందిని వెబ్‌సైట్ల విశ్వసనీయత గురించి అడిగితే, వాళ్ల వ్యాఖ్యల్లో 46.1 శాతం పేజీ రూపం గురించే ఉన్నాయి. డిజైన్ సంస్థలు తమ ధర పెంచుకోవడానికి ఈ అంకెలు వాడుకుంటాయి. నాకు వీటిలో హెచ్చరిక కనిపిస్తోంది. మనిషి రూపాన్ని చూసి ఇంత తొందరగా నమ్మేస్తాడంటే, అందమైన నకిలీ పేజీని కూడా అంతే తొందరగా నమ్మేస్తాడు. కాబట్టి అసలు సంస్థ ఏళ్ల తరబడి ఒకే రూపంతో కనిపించడం విద్యార్థికి రక్షణ. ఏటా కాంట్రాక్టరు మారినప్పుడల్లా పేజీ రూపం మారిపోతే ఆ రక్షణ పోతుంది.

పేర్లు మారడం మనకు మామూలే. 1986లో విజయవాడలో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ పేరుతో ఉండగా 2022లో వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. ఆ రెండేళ్లలో పట్టాలు పుచ్చుకున్నవాళ్లు విదేశాల్లో రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు ఈ రెండు మలుపులూ అక్కడి అధికారికి అర్థం కావాలి. పేరు మార్చే అధికారం శాసనసభది; వెబ్ ప్రమాణం దాన్ని ఆపలేదు. పాత చిరునామాను చావనివ్వకుండా కాపాడటం మాత్రం దాని చేతిలో ఉంది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే పేజీల చిరునామాలు మారకూడదని వాదిస్తూ వ్యాసం రాశారు. పాత చిరునామా కొడితే కొత్తదానికి దానంతటదే తీసుకెళ్లాలి, పాత డొమైన్‌ను ఏటా డబ్బు కట్టి నిలుపుకోవాలి, పేరు ఎప్పుడు ఎందుకు మారిందో ఒక శాశ్వత పేజీలో ఉండాలి. డొమైన్‌ను వదిలేస్తే అది ఇంకొకరి చేతికి చిక్కవచ్చు. అప్పుడు పాత నోటిఫికేషన్లలో అచ్చయిన చిరునామాలన్నీ వాళ్ల గుమ్మానికే దారి చూపుతాయి.

ఇప్పుడు ఒక్క నోటిఫికేషన్‌ను దగ్గరగా చూద్దాం. కాగితం మీద టైపు చేసి, సంతకం పెట్టి, గుండ్రటి స్టాంపు వేసి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా పెట్టడం చాలా ఆఫీసుల్లో అలవాటు. సంతకం కనపడితేనే అధికారికమన్న భావన దాని వెనక ఉంది. ఆ పీడీఎఫ్ బరువు 4 మెగాబైట్లు అనుకుందాం. అదే విషయాన్ని 300 మాటల తెలుగు పాఠంగా పేజీలోనే రాస్తే, మాటకు సుమారు ఎనిమిది సంకేతాలు, సంకేతానికి మూడు బైట్ల చొప్పున, సుమారు ఏడు కిలోబైట్లే అవుతుంది. సెకనుకు 100 కిలోబిట్లు మాత్రమే వచ్చే సిగ్నల్ మీద ఆ పాఠం సెకను లోపు వచ్చేస్తుంది. పీడీఎఫ్‌కు 320 సెకన్లు, అంటే అయిదు నిమిషాల పైన పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. ఇంత బలహీనమైన సిగ్నల్ ఈ రోజుల్లో ఎక్కడుంది అనవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు కూలిపోయాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్ ఇదే తీరాన్ని కొట్టింది. పరీక్షలు వాయిదా పడ్డాయా, ఫీజు గడువు పొడిగించారా అన్న కబురు అత్యవసరమయ్యేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే, బలహీనమైన సిగ్నల్ మీదే. తుఫాను తీరంలోని విశ్వవిద్యాలయం బొమ్మలేమీ లేని తేలికపాటి ప్రకటన పేజీని ముందే సిద్ధంగా ఉంచుకోవడం విలాసం కాదు. సంతకం చేసిన ప్రతి కావాలన్నవాళ్లకు దాన్ని కింద లింకుగా ఇవ్వవచ్చు. గడువు తేదీ మాత్రం పాఠంగానే ఉండాలి, నెల పేరు అక్షరాల్లో ఉండాలి. 05-06 అని రాస్తే మే నెలా జూన్ నెలా అన్న అనుమానం ఒక విద్యాసంవత్సరాన్నే మింగేయగలదు.

స్కాన్ చేసిన కాగితానికి ఇంకో లోపం ఉంది. అది బొమ్మ. వెతుకులాటకు దొరకదు, ఫోను దాన్ని తెరకు తగ్గట్టు పేర్చలేదు, చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించలేదు. ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగునూ చదువుతుంది. కానీ దానికి అక్షరాలు కావాలి, పేజీలో ‘ఇది తెలుగు’ అని చెప్పే భాషా సూచిక కావాలి. అక్షరాలంటే యూనికోడ్ అక్షరాలు. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను ఫాంట్ల పాఠాన్ని నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే, ఆ ఫాంటు లేని ఫోనులో అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనపడతాయి. యూనికోడ్‌లో ‘శ్రీకాకుళం’ అన్న మాట కంటికి నాలుగు అక్షరాలే, యంత్రానికి పది సంకేతాలు: శ, పొల్లు, ర, ఈకార గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. వీటిని కలిపి ఒకచోట గుడి పైన, ఒకచోట రావత్తు కింద పేర్చే పని ఫాంటుది. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరస ఎడం తెలుగుకు చాలదు. ‘శాస్త్ర’ అన్న మాటలో వత్తులు కిందికి దిగుతాయి, కింది వరసలో ‘కీ’ గుడి పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. ఇంగ్లిష్ పేజీ కొలతలనే తెలుగు పేజీకి పెట్టేస్తే జరిగేది ఇదే. ప్రమాణాల పుస్తకం తెలుగుకు అక్షరం సైజు, వరసల ఎడం విడిగా నిర్ణయించాలి. ఫాంట్లకు డబ్బు ఖర్చు లేదు. గూగుల్ వారి నోటో తెలుగు ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, సూరన్న, గిడుగు లాంటివీ ఉచిత లైసెన్సుతోనే దొరుకుతాయి. చివరి ఫాంటు పేరు ఈ జిల్లాకు బాగా కావాల్సిన మనిషిది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా చదువు జనం భాషలో సాగాలని పోరాడారు.

డిగ్రీ చదివేవాడికి ఇంగ్లిష్ రాదా, తెలుగు పేజీ ఎందుకు అన్న అభ్యంతరం తరచుగా వస్తుంది. ఈ అభ్యంతరం చదివేవాడిని ఒక్కడిగా ఊహించుకుంటుంది. హాస్టల్ ఫీజు కట్టేది జీడిపప్పు బట్టీలో పనిచేసే తల్లి కావచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు అడిగేది తండ్రి కావచ్చు. సమాచార హక్కు చట్టం 2005లోనే, 4వ సెక్షన్ 4వ ఉపసెక్షన్‌లో, ప్రభుత్వ సంస్థలు తమంతట తాము వెల్లడించే సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని, సులువుగా అందేలా, వీలైనంత వరకు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని చెప్పింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆ చట్టం కిందికి వస్తుంది. తెలుగు పేజీ అంటే గ్రాంథికం నింపిన పేజీ కాదని కూడా చెప్పాలి. ‘రీవాల్యుయేషన్’ అని అందరూ అంటున్నప్పుడు ‘పునర్మూల్యాంకనం’ అని రాస్తే కుర్రవాడు మళ్లీ ఇంగ్లిష్ పేజీకే పోతాడు. జనం నోట్లో ఉన్న మాట తెలుగు లిపిలో రాస్తే చాలు.

రంగు దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ అభిరుచి పేరుతో ఎక్కువ అన్యాయం జరుగుతుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999 నుంచి సవరిస్తూ వస్తున్న అందుబాటు ప్రమాణాల్లో అక్షరానికీ నేపథ్యానికీ నడుమ వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని ఉంది. ఈ అంకె గాల్లోంచి రాలేదు. మామూలు చూపుకు 3 చాలని పాత ప్రమాణం. చూపు 6/12కు తగ్గినవాళ్లకు వెలుగు తేడాను పట్టే శక్తి ఒకటిన్నర రెట్లు తగ్గుతుంది కాబట్టి మూడును ఒకటిన్నరతో హెచ్చించారు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరానికి నిష్పత్తి 21. మనకు బాగా అలవాటైన చిక్కటి ఎరుపు అక్షరం తెలుపు మీద 4.0, పసుపు మీద 3.7. కాషాయం పట్టీ మీద తెల్ల అక్షరాలకు 2.1. అంటే హోం పేజీల్లో అన్నిటికంటే ముఖ్యమైన కబురు, ఎర్ర అక్షరాల స్క్రోలింగ్ వరస, ప్రమాణం కంటే కిందే ఉంది. పైగా అది కదులుతుంటుంది. అయిదు సెకన్లకు మించి కదిలేదాన్ని చదివేవాళ్లు ఆపుకునే వీలుండాలని అదే ప్రమాణం చెబుతుంది. లెక్కను ఎండలోకి తీసుకెళ్తే ఇంకా స్పష్టమవుతుంది. నిష్పత్తి సూత్రంలో రెండు వెలుగులకూ 0.05 చొప్పున కలుపుతారు, అది తెర మీద పడే చెదురు వెలుగుకు గుర్తు. నడిరోడ్డు ఎండలో అది 0.5కు పెరిగిందనుకోండి. నలుపు తెలుపుల నిష్పత్తి కూడా 21 నుంచి 3కు పడిపోతుంది, ఎరుపు 2.1కు, కాషాయం మీది తెలుపు 1.6కు. ఏసీ గదిలో బాగా కనపడ్డ పేజీ బస్టాపులో ఎందుకు మాయమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. విశ్వవిద్యాలయం తన రంగు మార్చుకోనక్కర్లేదు. కాషాయాన్ని అంచుకు, పట్టీకి ఉంచి, అక్షరాన్ని దాని మీద నల్లగా రాస్తే సరి.

ఇవన్నీ మంచి సలహాలే, పాటించకపోతే ఏమవుతుంది అనే దశ దాటిపోయింది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో వచ్చి, 2018లోనూ 2023లోనూ కొత్త రూపం తీసుకున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. ఆ చట్టం కింది నియమాలు అందుబాటు ప్రమాణాలను ఉత్త సిఫారసులుగా మిగిల్చాయని, తప్పనిసరి ప్రమాణాలు రావాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమంది.

డబ్బు లేదన్న అభ్యంతరం మిగిలింది. అధ్యాపక ఖాళీలే నిండని చోట వెబ్‌సైట్‌కు ఖర్చేమిటని అడగడం సహజం. కానీ పైన చెప్పినవాటిలో ఖర్చుతో కూడినవి ఎన్ని? స్కాన్ బదులు పాఠం పెట్టడం, ఎరుపు బదులు నలుపు వాడటం, పేరు ఒకేలా రాయడం, తేదీలో నెల పేరు రాయడం డబ్బు అడగవు, నిర్ణయం అడుగుతాయి. ఖర్చంతా అవతలి వైపు ఉంది. అస్పష్టమైన ఒక ప్రకటన వల్ల నెట్ సెంటర్‌లో ఇచ్చే ఇరవయ్యో ముప్పయ్యో, ఎచ్చెర్ల ప్రయాణం, పోయిన కూలి ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఎక్కవు గానీ ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు.

ఇప్పుడంతా వాట్సాప్ కదా, సైట్ ఎవరు చూస్తారనేది కొత్త ప్రశ్న. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ మొదలుపెట్టాక ఇంటర్ హాల్ టికెట్లు కూడా ఆ దారిన వచ్చాయి. మంచిదే, దూరాన్ని నిజంగా తగ్గించే పని. అయితే వాట్సాప్ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్ ఏ సంవత్సరానిదో, ఎవరు దిద్దారో తెలియదు. సరిచూసుకునే మూలం ఎక్కడో ఒకచోట స్థిరంగా ఉంటేనే ఆ కబురుకు విలువ. పంపే ప్రతి సందేశంలో సైట్‌లోని అసలు ప్రకటన చిరునామా ఉండాలి. ఆ చిరునామా పొట్టిగా, చెవితో విని టైపు చేసుకోగలిగినట్టు ఉండాలి.

ఒకే మూస పెడితే శాఖల స్వేచ్ఛ పోతుందని ఆచార్యులు అంటారు. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన విడివిడి వెబ్‌సైట్లను ఒకే రూపం, ఒకే చిరునామా కిందికి తేవడం మొదలుపెట్టినప్పుడూ ఈ మాట వినపడింది. ఆ సైట్‌కు మరుసటి ఏడాది లండన్ డిజైన్ మ్యూజియం ఉత్తమ డిజైన్ పురస్కారం ఇచ్చింది, అందులో అలంకారం దాదాపు ఏమీ లేకపోయినా. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2025లో తన సైట్లకు ముద్ర, రంగు, ఫాంటు నిర్ణయిస్తూ డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ తెచ్చింది. శాఖలకు నిజంగా కావాల్సిన స్వేచ్ఛ విషయంలో ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఒక శాఖ చేసే పనిని ఎలా చెప్పాలో ఆ శాఖే నిర్ణయించుకోవాలి, ఫొటోలూ పటాలూ తనవే పెట్టుకోవాలి. తలకట్టు, పేరు, వెతికే పెట్టె, ఫిర్యాదు లింకు ఎక్కడుండాలో మాత్రం దానికి వదలకూడదు. ఒక శాఖ పేజీ నుంచి ఇంకో శాఖ పేజీకి వెళ్లినవాడు దారి మళ్లీ నేర్చుకోవాల్సి రాకూడదు.

ప్రమాణాలు పనిచేస్తున్నాయో లేదో కొలిచే పద్ధతి కూడా దూరం నుంచే మొదలవ్వాలి. ఎంతమంది చూశారన్న లెక్క ఇక్కడ అక్కరకు రాదు. దారి తెలియక పదిసార్లు తెరిచినవాడు కూడా ఆ లెక్కలో పదిమందిగా కనపడతాడు. కంచిలి, కవిటి, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి కొందరు విద్యార్థులను, ఒకరిద్దరు తల్లిదండ్రులను, చూపు తక్కువైన ఒకరిని పిలిచి, వాళ్ల సొంత ఫోన్లలోనే నాలుగు పనులు చేయమనాలి: రాబోయే సెమిస్టర్ పరీక్ష ఫీజు ఆఖరు తేదీ కనుక్కోవడం, పాత బ్యాక్‌లాగ్ సబ్జెక్టు సిలబస్ తెరవడం, ఓడీకి దరఖాస్తు చేయడం, పొరపాటు పడిన పేరు సరిచేయించుకోవడానికి ఎవరిని అడగాలో తెలుసుకోవడం. పక్కన ఎవరూ సాయం చేయకూడదు, ఎక్కడ ఆగిపోయారో మాత్రం రాసుకోవాలి. ఓడీ పేజీని ఉదాహరణకు తీసుకుంటే, దాని మీద కావాల్సిన కాగితాల జాబితా, ఫీజు, ఎన్ని రోజులు పడుతుంది, పోస్టులో పంపుతారా లేక స్వయంగా వచ్చి తీసుకోవాలా, డబ్బు కట్ అయి దరఖాస్తు చేరకపోతే ఏం చేయాలి, ఆ సెక్షన్ ఫోను ఏ వేళల్లో ఎత్తుతారు, ఈ పేజీని ఏ హోదాలో ఉన్న అధికారి ఏ తేదీన సరిచూశారు అన్నవి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఒక్కటి కనుక్కోవడానికే ఎవరో ఒకరు జలంత్రకోటలో తెల్లవారుజామున బస్సెక్కాల్సి వస్తుంది.